అద్దె ఇంటి హాలులో ఎరుపు: ముందు బల్బు, తర్వాతే బట్ట

హైదరాబాద్ మియాపూర్‌లో అద్దె ఫ్లాటు, మీగడ రంగు గోడలు, గోధుమరంగు సోఫా, మేకు కొట్టనివ్వని యజమాని, ఇంట్లో అత్తగారు. వాలెంటైన్స్ డేకి హాలులో కాస్త ఎరుపు కావాలి, అయితే పుట్టినరోజు వేడుకలా కనిపించకూడదు అని మీరు అడిగారు. ఉప్పల్‌లో మాదీ ఇంచుమించు ఇలాంటి ఇల్లే. ఫిబ్రవరి వస్తే ఇంట్లోకి ఎరుపు తేవడం నాకు చాలా ఇష్టమైన పని కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ముందుగా బల్బు మార్చండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత) తెల్ల ఎల్ఈడీ లైట్లు. వాటి వెలుతురులో నీలం పాలు ఎక్కువ, ఎరుపు పాలు తక్కువ. వస్తువు మీద పడని రంగు తిరిగి మన కంటికి చేరదు కదా! దుకాణంలో నిగనిగలాడిన ఎర్ర దిండు గలీబు ఇంటికొచ్చాక వెలిసిపోయినట్టు ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం. పెట్టె మీద 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుతురు బల్బు తీసుకోండి. సీఆర్ఐ, అంటే రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 ఆపైన ఉన్నది దొరికితే మరీ మంచిది, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. సోఫా పక్కన ఒక టేబుల్ ల్యాంపులో ఈ బల్బు పెట్టి, సాయంత్రం ట్యూబులైటు ఆపేస్తే గది సగం సిద్ధమైనట్టే.

గదంతా చీకటి చేసి దూరంగా ఏ మూలనో కొవ్వొత్తులు పెట్టాలనుకుంటే మాత్రం ఒక్కమాట. వెలుతురు బాగా తగ్గినప్పుడు మన కంటికి ముందుగా నల్లబడేది ఎరుపే. ఆకుపచ్చ, నీలం అప్పటికీ తెలుస్తూనే ఉంటాయి. కాబట్టి ఎర్రటి వస్తువులన్నీ దీపానికి దగ్గరగానే ఉండాలి.

ఇక బట్ట. గోధుమరంగు సోఫా మీద నారింజ కలిసిన ఎరుపు పొసగదు, దానిమ్మ గింజల రంగు చక్కగా కుదురుతుంది. ఇక్కడ మన ఊరివాళ్లకు ఒక అదృష్టం ఉంది. 1938లో మొదలైన నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతుంది. అంటే మీకు కావలసిన రోజులూ, చేనేత దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే రోజులూ ఒకటే. చివరి వారంలో బేరం కూడా సులువుగా తెగుతుంది. పోచంపల్లి ఇక్కత్ నూలు బట్టను మీటర్ల లెక్కన కొని గలీబులు కుట్టించుకోండి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టయితే, వెనక ఒక అంచు మీద మరో అంచు కప్పుకునే పద్ధతిలో, మీటరుకు 16 అంగుళాల గలీబులు రెండు వస్తాయి. జిప్పు ఖర్చు ఉండదు. సోఫాకు రెండు చాలు, మిగతావి పాతవే ఉంచండి.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే పుట్టపాక నేతవస్త్రం తేలియా రుమాల్ ఒకటి చూడండి. నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో రోజుల తరబడి శుద్ధి చేశాక ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేస్తారు. మా ఇంట్లో అన్ని ఎరుపుల్లోకీ నాకు ప్రియమైనది అదే. దాన్ని సోఫా వీపు మీద పరుస్తాను, ఇంకే అలంకారమూ అక్కర్లేదనిపిస్తుంది.

గోడకు మేకు కొట్టకుండానే ఎరుపు నిలిపే ఉపాయం చేర్యాల నకాషీ చిత్రం. సిద్దిపేట జిల్లా చేర్యాల కళాకారుల చిత్రాలకు ఎర్రటి నేపథ్యమే గుర్తు. చిన్న సైజువి శిల్పారామంలో చూడవచ్చు. చట్రం కట్టినదాన్ని అల్మరా మీద గోడకు ఆనించి పెడితే సరిపోతుంది. హృదయాకారపు బెలూన్లు చూస్తే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారేమో కానీ ఈ బొమ్మతో ఆ చిక్కు లేదు. మా అత్తగారైతే అందులో కల్లు గీసే మనిషిని చూసి తమ ఊరి తాటివనం గురించి మావారికి కూడా తెలియని సంగతులెన్నో చెప్పారు. మీ అత్తగారికీ ఆ మూల నచ్చుతుందని నా నమ్మకం.

బెలూన్లు, మెరుపు కాగితాలు వద్దనే అంటాను. రెండువైపులా అంటుకునే టేపుతో పెయింటు ఊడొస్తే ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది.

గులాబీలకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్లండి. 14 దగ్గరపడే కొద్దీ ధర ఎక్కుతుంది, కాబట్టి పెద్ద గుత్తి కోసం పట్టుబట్టకుండా నాలుగైదు కాడలు తెచ్చి ఇత్తడి చెంబులో పెట్టండి. ఇత్తడి పక్కన ఎరుపు ఎంత నిండుగా ఉంటుందో పూజగదిలో రోజూ చూస్తూనే ఉంటాం. నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి, కాడల చివర్లు ఏటవాలుగా కోయండి, నీళ్లు రోజూ మార్చండి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. అరటిపండ్ల బుట్ట పక్కన అసలు పెట్టకండి, పండే పండ్లు వదిలే ఎథిలీన్ వాయువుకు గులాబీలు తొందరగా వాడిపోతాయి. పూలు రెండు మూడు రోజుల ముచ్చటే అనిపిస్తే కుండీలో ఎర్ర ఆంథూరియం కొనుక్కోండి, ఒక్కో పువ్వు వారాల తరబడి నిలుస్తుంది.

లాడ్‌బజార్ లక్క గాజులు ఎర్రటివి నాలుగు తెచ్చి గాజు సీసా చుట్టూ తొడిగితే అందంగా ఉంటుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన గాజులవి. వాటి మధ్య కొవ్వొత్తి మాత్రం వెలిగించకండి, వేడికి లక్క మెత్తబడుతుంది.

కొత్త గలీబు సోఫా మీద వేసేముందు తడిపిన తెల్ల గుడ్డతో దాని మూలను రుద్ది చూడండి. రంగు అంటితే మొదటి రెండు ఉతుకులు చన్నీళ్లలో విడిగా ఉతికి, నీడలో ఆరేశాకే వాడండి. పడమటి కిటికీ దగ్గర సోఫా ఉంటే మధ్యాహ్నం పరదా వేసి ఉంచండి. ఎండకు వెలిసిన ఎరుపును మళ్లీ తీసుకురాలేం.