సమాధానం: థైరాయిడ్ మాత్ర, పొద్దుటి చాయ్

దేవరకొండలోని మీ అమ్మగారు థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే రక్తపరీక్షలో ఎక్కువగా కనిపించే హార్మోన్) తగ్గడం లేదని, మోతాదు పెంచాలేమోనని రాశారు. నర్సుగా నాకు ముందు కనిపించింది మోతాదు కాదు, ఆమె ఆ మాత్రను చాయ్‌తో, కాల్షియం మాత్రతో కలిపి మింగుతున్న సంగతి. కాల్షియం, ఐరన్ మాత్రలు ఆ థైరాయిడ్ మాత్రలోని మందైన లెవోథైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచి రక్తంలోకి సరిగా చేరనివ్వవు కాబట్టి, వాటికీ దీనికీ నడుమ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. లేవగానే పరగడుపున మంచినీళ్ళతో మాత్ర ఇచ్చి, చాయ్ 30 నుంచి 60 నిమిషాల తర్వాతే ఇవ్వండి. పెద్దవాళ్ళకు ఆ అరగంట ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా పట్టు వదలకండి. ఇలా 6 నుంచి 8 వారాలు గడిచాక పరీక్ష మళ్ళీ చేయించి డాక్టరుకు చూపించండి. ఈలోగా ఛాతీనొప్పి గానీ, విపరీతమైన మగత గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.