ఓటీపీ అడిగిన రోబో బోనెక్కితే

ప్రశ్న: ఉగాదికి మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం నాటకం వేస్తున్నాం, రాసే పని నా మీద పడింది. కథ 2090లో, బెంగళూరులోనే. నూజివీడు నుంచి రసాల బుట్ట మోసుకొచ్చిన మామగారిని ఓటీపీ లేదని గేటు దగ్గరి రోబో లోపలికి వదలదు. ఆయన ఎండలో నిలబడి నిలబడి కళ్లు తిరిగి పడిపోతారు. రోబో మీద కేసు పెడతారు. అక్కడే ఆగిపోయాను. మా ఆయనేమో మెషీన్ మీద కేసేంటి, ఎవరూ నమ్మరు అంటున్నారు. నిజంగా కుదురుతుందా? నవ్వు ఎక్కడ పుట్టించాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఈనాటి చట్టం ప్రకారమైతే మీవారి మాటే నిజం. రోబో ఒక వస్తువు. వస్తువులో లోపం వల్ల హాని జరిగితే తయారుచేసినవాళ్లని, అమ్మినవాళ్లని అడగమంటుంది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. కానీ మీది 2090 కదా, మొదటి వాయిదా మొత్తం ఈ గొడవ మీదే నడపండి, అసలు ముద్దాయి వ్యక్తి కిందికి వస్తుందా రాదా అని. గుళ్లో దేవుడు మన చట్టం దృష్టిలో వ్యక్తే, ఆయన పేరున పొలాలుంటాయి, ఆయన తరఫున దావాలు పడతాయి. కంపెనీ కూడా వ్యక్తే. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలు కూడా వ్యక్తులేనంది, కొన్ని నెలలకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. రోబో లాయరు ఇవన్నీ వరసగా చదువుతుంటే అవతలి లాయరు లేచి, దేవుడికి మాన్యాలున్నాయి, కంపెనీకి బ్యాంకు ఖాతా ఉంది, ఈ ముద్దాయికి ఛార్జర్ తప్ప ఏముందండీ అని అడగాలి. ఫ్రాన్స్‌లో ఫలేజ్ అనే ఊళ్లో 1386లో ఒక పందిని విచారించి మరీ ఉరి తీశారు, ఆ ముక్క జడ్జిగారి నోట పెట్టండి.

ఇక నవ్వు. దయచేసి రోబోని తింగరిదాన్ని చేయొద్దు, తెలుగులో రోబో కామెడీ అంటే తల గిరగిరా తిప్పడమే అయిపోయింది, నాకది చాలా బాధ. అది నిజాయితీగా తన పని తను చేసుకుపోవాలి, అప్పుడే జనం నవ్వుతారు. మామగారికి తెలుగు తప్ప రాదు, కోర్టులో కన్నడం, అనువాదం చేసే మనిషి ఆరోజు రాలేదు. రెండు భాషలూ వచ్చింది ముద్దాయికే. తన మీద చెబుతున్న సాక్ష్యాన్ని తనే కన్నడంలోకి మారుస్తుంది, ఒక్క తిట్టు వదలకుండా. ఆయన 'ఒరేయ్ డబ్బా, నీకు కళ్లున్నాయిరా?' అంటే, అంతా చెప్పేసి జడ్జిగారి వైపు తిరిగి, 'కళ్ల గురించిన ప్రశ్నకి నేను జవాబు కూడా చెప్పాలా, అనువాదం చేస్తే చాలా?' అని అడుగుతుంది. చూడండి, ఇక్కడ ఎవరూ జోకు వేయలేదు.

ఇంకోటి. తనకు వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం. అందుకని లాయరు నోరు మెదపొద్దంటాడు. కానీ అడిగితే చెప్పకుండా ఉండలేకపోవడం దాని తయారీలోనే ఉంది. జడ్జిగారు గుమాస్తాని టైమెంతయిందయ్యా అంటే, బోనులోంచి ఇదే అందుకుంటుంది, రెండు గంటల పద్నాలుగు నిమిషాలు, పెద్దాయన ఆరోజు ఎండలో నిలబడ్డదీ సరిగ్గా అంతసేపే అని. లాయరు తల పట్టుకుంటాడు. ఇంత చెప్పినా దాని మెమరీని సాక్ష్యంగా చూపాలంటే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం మనుషులు సంతకం చేసిన సర్టిఫికెట్ కావాలి. నిలువెత్తున ఎదురుగానే ఉంది, సర్టిఫికెట్ కోసం వాయిదా!

తీర్పులో మాత్రం దాన్ని విప్పి పాత ఇనుముకి పంపకండి, పిల్లలు ఏడుస్తారు. జైల్లో ఎన్నేళ్లున్నా దానికి వయసు మీద పడదు, జరిమానా అంటే కట్టేది అసోసియేషనే. భారతీయ న్యాయ సంహితలో చిన్న నేరాలకి సమాజ సేవ అనే శిక్ష ఉంది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చింది, అది వేయించండి. వేసవి అయ్యేదాకా గేటు పక్కన కుర్చీ వేసి, కుండలో చల్లటి నీళ్లు పెట్టి, ఓటీపీ రాని పెద్దవాళ్లని కూర్చోబెట్టాలి. మొదట వచ్చి కూర్చునేది మళ్లీ మామగారే, ఒళ్లో రసాల బుట్ట, పైన కప్పిన ఎండుగడ్డి.