డాక్టర్ హూలో హీరో మారినా సీరియల్ ఎలా నిలబడుతోంది?

బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో, కాలంలో ప్రయాణించే 'డాక్టర్' అనే హీరో పాత్ర వేసే నటుడు ఎన్నోసార్లు మారాడు. అయినా కథ ఎందుకు తెగిపోలేదన్నదే ప్రశ్న.

మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్. 1966 నాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. అదే పోలికలున్న మరో నటుణ్ణి తెచ్చి సర్దేయొచ్చు. కానీ రచయితలు మార్పునే కథలో భాగం చేశారు: డాక్టర్ మనిషి కాదు, శరీరం అరిగిపోతే కొత్త రూపం వస్తుంది. దీనికి 'రీజనరేషన్' అనే పేరు 1974లో గానీ రాలేదు.

నా దృష్టిలో అసలు ఘనత రెండో నటుడు ప్యాట్రిక్ ట్రౌటన్‌ది. ఆయన హార్ట్‌నెల్‌ను అనుకరించలేదు. కోపిష్టి ముసలాయన స్థానంలో వేణువు ఊదుకునే కొంటె మనిషి వచ్చాడు. తొలి కథలో తోటి ప్రయాణికులకే అతను నిజంగా డాక్టరేనా అని అనుమానం. చూసేవాళ్ల మనసులో ఉన్న టెన్షన్ కూడా సరిగ్గా అదే! డాక్టర్ శత్రువులైన 'డాలెక్' అనే గ్రహాంతర జీవుల్లో ఒకటి మాత్రం అతన్ని గుర్తుపడుతుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి.

ట్రౌటనే విఫలమై ఉంటే టామ్ బేకర్ ఏడేళ్లు ఆ పాత్ర చేసే అవకాశమే ఉండేది కాదు, 2017లో జోడీ విటకర్ తొలి మహిళా డాక్టర్‌గా వచ్చేదీ కాదు. అందుకే కొత్త నటుడు వచ్చినప్పుడు పాతవాళ్లతో పోల్చడం ఆపి, కనీసం నాలుగైదు ఎపిసోడ్లు చూడండి.