నా జబ్బుకు దొరికిన మంచి పేరు

పదహారేళ్ల మీ చెల్లెలు ఒక సినీనటి చెప్పిన డైట్ పాటిస్తూ రాత్రి భోజనం మానేసిందనీ, పళ్ళెం ముందు కూర్చుంటే చాలు క్యాలరీల లెక్క మొదలుపెడుతోందనీ రాశారు. ఇదంతా ఆ నటి సలహాల వల్లేనా, లేక మీరే అతిగా భయపడుతున్నారా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి దాదాపు నాలుగేళ్లు అదే దారిలో నడిచినదాన్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ భయం అనవసరం కాదు. అయితే నెపమంతా ఆ నటి మీద వేస్తే అసలు విషయం చేజారిపోతుంది.

నా విషయంలో జబ్బు, అంటే తిండి విషయంలో మనసు అదుపు తప్పే 'తినే రుగ్మత' (ఈటింగ్ డిజార్డర్), లోపల ఎక్కడో ముందే ఉంది. తారల సలహాలు దానికి ఒక మంచి పేరు పెట్టాయి, అంతే. కానీ ఆ 'అంతే' చిన్న విషయం కాదు. అంతకుముందు నేను "తినాలని లేదు" అంటే అమ్మ ఊరుకునేది కాదు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. "డైట్‌లో ఉన్నాను" అనడం నేర్చుకున్నాక ఊరుకుంది. స్నేహితులైతే నా పట్టుదలను మెచ్చుకున్నారు. తిండి మానేసిన మనిషిని చూసి ఎవరైనా కంగారు పడతారు, అదే మనిషి ఫలానా హీరోయిన్ పద్ధతి అని చెబితే ఆ వివరాలు తమకూ పంపమంటారు. నన్ను చాలామంది అలాగే అడిగారు, నేనూ పంపాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నేను పట్టుకున్న ఇంటర్వ్యూలో ఆ నటి ఒక పాత్ర కోసం కొద్ది వారాల్లో బరువు తగ్గిన తీరు చెప్పింది. చివర్లో, షూటింగ్ అయిపోగానే మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టానని కూడా చెప్పింది. ఆ వాక్యం నేను చదవకపోలేదు, దాని మీద నా కళ్ళు ఆగలేదు. ఆమెకు అది కొన్ని వారాల పని. శరీరం ఆమె వృత్తిలో భాగం, పక్కన వంటమనిషి, శిక్షకుడు, డాక్టర్ ఉంటారు. నేను ఆ కొన్ని వారాలను నాలుగేళ్లు సాగదీశాను. ఫ్రాన్స్‌లో 2017 నుంచి వాణిజ్య ప్రకటనల్లో మోడల్ శరీరాకృతిని కంప్యూటర్‌లో సన్నగానో లావుగానో మారిస్తే ఆ సంగతి ఫొటో మీద రాయాలని నిబంధన ఉంది. నోటితో చెప్పే డైట్‌కు అలాంటి చీటీ ఎవరూ అంటించరు.

నేను ఎంత తినేదాన్నో, ఎంత తగ్గానో ఇక్కడ రాయను. జబ్బులో ఉన్నప్పుడు ఇలాంటి అనుభవాలు వెతికి వెతికి చదివేదాన్ని, కోలుకోవడానికి కాదు, వాటిలోని అంకెలను దాటడానికి.

నిజానికి అంకెల కన్నా నన్ను ఎక్కువగా దెబ్బతీసినవి మాటలు. 'క్లీన్' తిండి, 'చీట్ డే', 'డీటాక్స్'. ఒక తిండి శుభ్రమైనదైతే మిగతాదంతా మురికి అనేగా అర్థం? ఒక ముద్ద ఎక్కువ తినడం మోసమైతే నేను మోసగత్తెను. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో మంచి రోజులు నీలం సిరాతో, 'తప్పు' చేసిన రోజులు ఎర్ర సిరాతో రాసేదాన్ని. ఎర్ర రోజు తర్వాత ప్రాయశ్చిత్తం ఉండేది: మర్నాడు ఉపవాసం, లేదంటే కాళ్ళు వణికేదాకా నడక. ఇక డీటాక్స్ సంగతి: ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో వ్యర్థాలను వదిలించే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్ళు చేస్తూనే ఉంటాయి. వాటికి రసాల సాయం అక్కర్లేదు. 'శుభ్రమైన' తిండే తినాలన్న ఈ పిచ్చికి 1997లో స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ 'ఆర్థోరెక్సియా' అని పేరు పెట్టాడు. మానసిక వైద్యులు వాడే అమెరికన్ వర్గీకరణలో అది ఇంకా విడి జబ్బుగా లేదు. జబ్బుగా రాసినా రాయకపోయినా, నా నోటు పుస్తకం నిండా ఉన్నది అదే.

ఆ రోజుల్లో రాత్రి రెండు గంటలకు మేలుకుని వంట వీడియోలు చూసేదాన్ని. తినని వంటలు వరసగా వందలు. పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను. చాలాకాలం తర్వాత అమెరికాలో ఆకలి మీద జరిగిన మిన్నెసోటా ప్రయోగం గురించి చదివి తెల్లబోయాను. 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు ఆహారం దాదాపు సగానికి తగ్గించాడు. వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. తిండి గురించే మాట్లాడేవారు, తిండి గురించే కలలు కనేవారు, చిరాకు, దిగులు పెరిగాయి. వాళ్ళెవరూ సన్నబడాలని అందులో చేరినవాళ్ళు కాదు. కడుపు మాడితే బుద్ధి అలాగే తిరుగుతుందన్నమాట. అంటే మీ చెల్లెలి లెక్కల్లో కొంత ఆమె స్వభావం కాదు, ఆకలి.

సలహాలకూ జబ్బుకూ సంబంధం ఉందా అంటే, నాకు తెలిసిన రెండు పరిశోధనలు చెబుతాను. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి టెలివిజన్ 1995లో వచ్చింది. అప్పుడు అక్కడి బడిపిల్లల్లో బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్ళు ఎవరూ కనిపించలేదు. 1998లో మళ్ళీ అడిగితే 11.3 శాతం మంది అమ్మాయిలు చేసుకుంటున్నామన్నారు. ఆన్ బెకర్ బృందం చేసిన పని అది. రెండు సార్లూ అడిగింది వేర్వేరు పిల్లలను కాబట్టి దాన్నే తిరుగులేని రుజువు అనను. రెండోది, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సుమారు 2,000 మంది పిల్లలను మూడేళ్లు గమనించి 1999లో ప్రచురించినది. కఠినంగా డైట్ చేసిన అమ్మాయిలకు తినే రుగ్మత రావడం, డైట్ చేయనివాళ్ళతో పోలిస్తే 18 రెట్లు ఎక్కువ. నా కళ్ళు తెరిపించింది ఈ రెండోదే. డైట్ ఎవరు చెప్పారన్నది కాదు, ఎంత కఠినంగా చేశారన్నది అక్కడ కొలిచారు.

అలాగని అందరికీ ఇలా జరగదు. నేను చదివిన ఇంటర్వ్యూనే మా అక్కా చదివింది. నాలుగు రోజులు చేసింది, ఐదో రోజు విసుగొచ్చి వదిలేసింది. జన్యువుల పాత్ర ఉంటుంది, ఆందోళన స్వభావం ఉంటుంది, ప్రతిదీ నూటికి నూరూ సరిగ్గా ఉండాలన్న పట్టుదల ఉంటుంది. నాలో ఈ మూడోది దండిగా ఉండేది. తారలూ దీనికి అతీతులేం కారు. గాయని కారెన్ కార్పెంటర్ 1983లో, 32 ఏళ్లకే, అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు) తెచ్చిన ఇబ్బందులతో చనిపోయింది. తనకు బులీమియా (అతిగా తిని, వాంతి లాంటి వాటితో వదిలించుకునే జబ్బు) ఉండేదని యువరాణి డయానా 1995లో టీవీలో చెప్పింది. సలహా ఇచ్చేవాళ్ళలో కూడా జబ్బును డైట్ అని పిలుచుకుంటున్నవాళ్ళు ఉండవచ్చు. మీ చెల్లెలు అనుసరిస్తున్న నటి నిజంగా ఎలా తింటోందో మనకు తెలియదు, ఆమె చెప్పుకున్నదే తెలుసు.

ఇక మీరు చేయవలసింది. ఆ నటిని తిట్టకండి. మా తమ్ముడు అదే చేశాడు, "ఆవిడకు పదిమంది పనివాళ్ళున్నారు, నీకెవరున్నారు?" అని వెక్కిరించాడు. వాడన్నది నిజమే. నేను మాత్రం మరింత దాచుకుని తినడం, కాదు, దాచుకుని మానేయడం నేర్చుకున్నాను. మీ చెల్లెలి బరువు గురించి మంచిగా కూడా మాట్లాడకండి. "ఇప్పుడు ఆరోగ్యంగా కనిపిస్తున్నావు" అని ఎవరైనా అంటే నాకు "లావయ్యావు" అని వినిపించేది. నాకు పనికొచ్చింది మా అక్క చేసిన పని: రోజూ నా పక్కన కూర్చుని తాను భోజనం చేసేది, తిండి మాట తప్ప అన్ని మాటలూ మాట్లాడేది.

మీ చెల్లెలు నలుగురితో కలిసి తినడం మానేసిందా, భోజనం కాగానే స్నానాలగదికి వెళుతోందా, తిన్నదానికి శిక్షలా వ్యాయామం చేస్తోందా, ఎప్పుడూ చలి అంటోందా, నెలసరి తప్పిందా, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి. కళ్ళు తిరిగి పడిపోతే ఆ రోజే వెళ్ళండి. నాడి, రక్తపోటు, రక్తంలో పొటాషియం, ఈసీజీ చూడమని మీరే అడగండి, పిల్లలతో పనిచేసే మానసిక వైద్యుల దగ్గరకు పంపమని కూడా అడగండి. బరువు ఒక్కటే చూసి "మరీ సన్నగా ఏం లేదుగా" అని తిప్పి పంపేస్తే ఇంకొకరికి చూపించండి. నన్ను మొదటిసారి అలాగే పంపేశారు. అది నాకు ఇంకా తగ్గాలన్న అనుమతిలా వినిపించింది. ఇంకో ఏడాది ఆలస్యమైంది.