గ్రోత్ హార్మోన్ పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: బీఫార్మసీ మూడో ఏడాది చదువుతున్నాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో గ్రోత్ హార్మోన్ విడుదలను మందులు ఎలా మారుస్తాయన్నది బాగా ఆసక్తిగా ఉంది. ఎంబీబీఎస్ లేకుండా ఇందులోకి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. వాలంటీర్‌కు మందు ఇవ్వడం, అతని భద్రత చూసుకోవడం డాక్టర్ల బాధ్యత. అధ్యయన ప్రణాళిక, శాంపిళ్ల పరీక్ష, లెక్కల విశ్లేషణ ఫార్మసీ చదివినవాళ్లూ చేస్తారు. ఫార్మసీ పీజీ అర్హత పరీక్ష జీప్యాట్ రాసి, నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా పరిశోధన సంస్థ) ప్రవేశ పరీక్ష ద్వారా ఫార్మకాలజీలో పీజీ చేయండి. బాలానగర్‌లో ఉన్న హైదరాబాద్ నైపర్‌కూ దారి ఇదే. ఆ తర్వాత పీహెచ్‌డీ.

సబ్జెక్టులో ముందు పట్టు సాధించాల్సింది గ్రోత్ హార్మోన్ విడుదలను అణిచే సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ మీద. మెదడులోని హైపోథాలమస్ నుంచి వచ్చే జీహెచ్ఆర్‌హెచ్ (గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయించే హార్మోన్), కడుపులో తయారయ్యే గ్రెలిన్ కలిసి గ్రోత్ హార్మోన్‌ను వదిలే పిట్యూటరీ గ్రంథిని ఎగదోస్తాయి. సొమాటోస్టాటిన్, గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ప్రధానంగా కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 దాన్ని అదుపు చేస్తాయి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, పిరిడోస్టిగ్మిన్ అనే మందు ప్రధానంగా సొమాటోస్టాటిన్ పట్టును సడలించి పనిచేస్తాయని భావిస్తారు. అందుకే జీహెచ్ఆర్‌హెచ్‌కు ఆర్జినిన్ తోడైతే, ఒక్క జీహెచ్ఆర్‌హెచ్‌తో వచ్చిన దానికన్నా హార్మోన్ బాగా పెరుగుతుంది. నోటితో 75 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే హార్మోన్ మొదట తగ్గి, కొన్ని గంటలకు మళ్లీ లేస్తుంది. స్టెరాయిడ్లది ఇంకో తమాషా: ఒక్క మోతాదు కొన్ని గంటల్లో హార్మోన్‌ను పెంచవచ్చు, ఎక్కువ రోజులు వాడితే అణచేస్తుంది. ఏ గంటకు కొలిచారో చూడకుండా ఫలితం చదివితే తప్పుదోవ పడతారు.

ఈ హార్మోన్ రక్తంలోకి దఫదఫాలుగా వస్తుంది. గాఢనిద్ర మొదలైన కాసేపటికి పెద్ద దఫా. మధ్యలో దాదాపు ఏమీ ఉండదు. ఒక్క శాంపిల్‌తో ఏమీ తేలదు. 20 నిమిషాలకోసారి 24 గంటలు తీస్తే 72 శాంపిళ్లు, ఒక్కోటి 2 మి.లీ. అనుకున్నా 144 మి.లీ. రక్తం. ఎథిక్స్ కమిటీ ముందు అడిగేది దీని గురించే. సూది గుచ్చిన ఒత్తిడికే హార్మోన్ లేవచ్చు కాబట్టి క్యాన్యులాను (రక్తం తీసేందుకు నరంలో ఉంచే సన్నని గొట్టం) కనీసం గంట ముందు పెట్టి, వాలంటీర్‌ను పడుకోబెట్టి ఉంచాలి. ఊబకాయం ఉంటే స్పందన మందగిస్తుంది. నోటితో వేసుకునే ఈస్ట్రోజెన్ మాత్రలు ఐజీఎఫ్-1ను తగ్గించి హార్మోన్‌ను పెంచుతాయి. ఎంపిక దశలోనే బరువు, మాత్రల సంగతి అడగకపోతే తర్వాత ఏ లెక్కా కాపాడదు.

ఈ సెలవుల్లో శాంపిల్‌లో హార్మోన్‌ను కొలిచే ఎలైజా పరీక్ష చేయడం, బయోస్టాటిస్టిక్స్, గణాంకాలకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. గ్రోత్ హార్మోన్ ఒక్కదాని మీదే ఉద్యోగాలు అరుదు. హైదరాబాద్‌లో బయోఈక్వివలెన్స్ (జెనరిక్ మందు అసలు మందులాగే రక్తంలోకి చేరుతోందా అని చూసే) అధ్యయనాలు చేసే కంపెనీలకు కావలసిందీ ఇవే నైపుణ్యాలు.