అక్రిలిక్ షీటు మీద స్ప్రే ఇంకుకు ఏ ఆల్కహాల్ వాడాలి?

మీ ఇబ్బంది నాకు అర్థమైందండి. మెడికల్ షాపు స్పిరిట్‌లో రంగు కలిపి అక్రిలిక్ షీటు మీద ఎయిర్‌బ్రష్‌తో కొడుతున్నారు, అది ముత్యాల్లా విడిపోతోంది, ఆరాక తెల్లబారుతోంది. విశాఖలో నేమ్ బోర్డులు చేస్తూ నేనూ ఇదంతా పడ్డాను.

ముందు ఆ స్పిరిట్ మానేయండి. 70 శాతం అని రాసి ఉంటే మిగతాది దాదాపు నీళ్లే. ఆల్కహాల్ త్వరగా ఎగిరిపోతుంది, వెనక మిగిలిన నీళ్లు ప్లాస్టిక్ మీద పరుచుకోక ముద్ద కడతాయి. శానిటైజర్ అసలు వద్దు, అందులో గ్లిసరిన్ ఉంటే ఇంకు ఎన్నాళ్లకూ జిగట వదలదు. కెమికల్స్ షాపులో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. సెల్‌ఫోన్ రిపేర్ వాళ్లు వాడే ఐపీఏ అదే.

తెల్లబారడం మాత్రం ఐపీఏతో కూడా పూర్తిగా పోదు. మామూలు ఆల్కహాల్, అంటే ఇథనాల్, 78 డిగ్రీల దగ్గర మరిగితే ఐపీఏ 82 దగ్గర మరుగుతుంది, అంతే తేడా. రెండూ వేగంగా ఆరుతూ షీటును చల్లబరుస్తాయి, ఆ చల్లదనానికి గాలిలోని తేమ వచ్చి ఇంకు మీద చేరుతుంది. వానాకాలంలో మా సముద్రపు గాలికి ఇది మరీ ఎక్కువ. నాకు పనిచేసింది ఎన్-బ్యూటనాల్ అనే నెమ్మదిగా ఆరే ఇంకో ఆల్కహాల్. అది 118 డిగ్రీల దగ్గర గానీ మరగదు. పది పాళ్ల ద్రావణంలో ఒక పాలు కలిపితే ఇంకు పరుచుకోవడానికి తీరిక దొరుకుతుంది, నాజిల్ కొన దగ్గర ఎండిపోవడం కూడా తగ్గుతుంది. అంతకు మించితే ఇంకు కిందికి కారుతుంది, ఘాటు కూడా భరించలేం.

ఉత్త రంగు, ఆల్కహాలే అయితే వేలితో రుద్దగానే వచ్చేస్తుంది. ప్లాస్టిక్ కాగితంలా పీల్చుకోదు కదా. పట్టు కోసం కొంచెం షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్క, ముందే ఇథనాల్‌లో కరిగించి కలపండి.

నన్ను బాగా దెబ్బతీసింది ఇంకొకటి. ఒకసారి లేజర్‌తో కోసిన అక్షరాలను ఐపీఏతో తుడిచి ఇంకు కొట్టాను. తెల్లారేసరికి అంచులన్నీ వెంట్రుకవాసి పగుళ్లు. ఆర్డర్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది, ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. లేజర్ వేడికి అంచుల్లో ఒత్తిడి మిగిలిపోతుంది, అక్కడ ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్ చిట్లుతుంది. ఇప్పుడు ముందు స్ప్రే చేసి, బాగా ఆరాక మాస్కింగ్ పేపర్ అంటించి అప్పుడు కోయిస్తున్నాను. కోశాక సబ్బు నీళ్లతో తప్ప దేనితోనూ తుడవను. ఎక్స్‌ట్రూడెడ్ షీటు (యంత్రంలోంచి ఒత్తి తీసింది) కన్నా కాస్ట్ షీటు (అచ్చులో పోసి చేసింది) ఈ దెబ్బను బాగా ఓర్చుకుంటుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన డబ్బాల సంగతి వేరు, ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) లేకుండా వాటి మీద ఏ ఆల్కహాల్ ఇంకూ నిలవదు.

చవగ్గా దొరుకుతోందని మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ జోలికి మాత్రం వెళ్లకండి, దయచేసి. ఆవిరి పీల్చినా, చర్మం గుండా ఇంకినా చూపు పోయే ప్రమాదం ఉంది. పేరు లేని డబ్బాలో అమ్మే స్పిరిట్‌లో అది కలిసి ఉండొచ్చు, అందుకే లేబుల్ ఉన్నదే కొనండి. ఐపీఏ ఆవిరి కూడా 12 డిగ్రీలకే అంటుకోగలదు, అంటే మన గదుల్లో ఏడాది పొడవునా. నేను కంప్రెసర్‌ను గుమ్మం బయట పెట్టి పొడవాటి గొట్టంతో వాడతాను.

మీ షీటు ముక్క అంచుకు ఈ ద్రావణం కొంచెం రాసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున వెలుతురుకు ఎదురుగా పట్టి పగుళ్లు లేవని చూశాకే పని మొదలుపెట్టండి.