'ఇకపై ఏమీ అడగను' అని రాసిచ్చినా రాయల్టీ వాటా పోదు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఊడుపుల్లో మా అమ్మమ్మ వాళ్ళు పాడుకునే బాణీకి నేను కొత్తగా మాటలు కట్టి, ఒక చిన్న సినిమాకి టైటిల్ పాటగా ఇచ్చాను. సినిమా ఆడలేదు గానీ పాట ఊరూరా మోగుతోంది. అప్పట్లో పదిహేను వేలు చేతిలో పెట్టి, 'సర్వహక్కులు శాశ్వతంగా నిర్మాతవే, ఇకపై ఏమీ అడగను' అని స్టాంపు కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఇప్పుడు రచన అన్నచోట 'జానపదం' అని వేశారు. నేనే పాడి యూట్యూబ్‌లో పెడితే తీయించేశారు. మరో పదివేలు ఇస్తాం, ఇంకో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నాకేమైనా హక్కు మిగిలిందా?
— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ రెండో కాగితం మీద సంతకం పెట్టకండి. నకలు అడిగి తీసుకుని, తెలిసినవారి చేత చదివించుకోండి. 'మాటలు కూడా పాతవే' అనో, 'రాయల్టీ అంతా ముట్టింది' అనో అందులో ఒక్క ముక్క ఉన్నా రేపు కోర్టులో మీకే అడ్డం వస్తుంది.

హక్కు మిగిలే ఉంది. కాపీరైట్ చట్టం 1957 నాటిదే అయినా సినిమా పాటలు రాసేవాళ్ళకు అసలు బలం 2012 సవరణతో వచ్చింది. అంతకుముందు నిర్మాత డబ్బిచ్చి రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, పాట ఆయనదే. 1977లో సుప్రీంకోర్టు తీర్పూ అలాగే వచ్చింది. ఇప్పుడు సెక్షన్ 18, 19 ప్రకారం మీరు కాపీరైట్‌ను రాసిచ్చేయవచ్చు గానీ, రాయల్టీలో, అంటే పాటను వాడుకున్నందుకు వచ్చే ఆదాయంలో, హక్కులు తీసుకున్నవారితో సమాన వాటాను వదులుకోలేరు. వారసులకు, రాయల్టీ వసూలు చేసి పంచే నమోదైన కాపీరైట్ సొసైటీకి తప్ప ఆ వాటాను ఎవరికి రాసిచ్చినా చెల్లదు. మీరు పెట్టిన సంతకం ఎంత నిజమైనదైనా, 'ఇకపై ఏమీ అడగను' అన్న వాక్యం మీ వాటాను తుడిచేయలేదు.

ఈ వాటా ఎక్కడెక్కడ వస్తుంది? సినిమా హాల్లో బొమ్మతో పాటు పాట వినిపించినందుకు రాదు. యూట్యూబ్, పాటల యాప్‌లు, టీవీ, ఎఫ్ఎం, కాలర్ ట్యూన్ల ఆదాయంలో వస్తుంది. ఊరూరా మోగుతోంది అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టి మోగించినా, గుడిలో భక్తితో జరిగే తంతులో పాడినా సెక్షన్ 52 మినహాయింపు ఇచ్చింది. అక్కడ అడగడానికి లేదు. టికెట్టు పెట్టి నడిపే మ్యూజికల్ నైట్‌కు ఆ మినహాయింపు వర్తించదు.

అవతలివాళ్ళు గట్టిగా పట్టుకునేది బాణీని. అందులో నిజముంది. తరతరాలుగా వస్తున్న ఆ బాణీ మీదీ కాదు, నిర్మాతదీ కాదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ మీరు కట్టిన మాటలు సొంతంగా సాహిత్య రచనే, వాటికి రచయిత మీరే. కాబట్టి ఏ పాదం అమ్మమ్మ నోట విన్నది, ఏ పాదం మీరు కట్టింది అన్నది నిజాయితీగా విడదీసి రాసుకోండి. పల్లవిలో సగం పాతదైతే ఆ సగం అడగకండి. అలా చెప్పినప్పుడే మిగతా మాట నిలబడుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ 'జానపదం' అన్న రాత. మన జిల్లాల్లో జముకుల పాటలు, తప్పెటగుళ్ళ పాటలు కట్టిన ఎందరి పేర్లో ఇప్పటికే పోయాయి. కళ్ళ ముందు బతికున్న మనిషి పేరును కూడా అలా చెరిపేయడం తప్పు. సెక్షన్ 57 ప్రకారం, కాపీరైట్ మొత్తం అమ్మేసినా 'ఇది నా రచన' అని చాటుకునే హక్కు రచయితదే. ఈ ఒక్క విషయం మీదే నోటీసు ఇవ్వవచ్చు.

మీ వీడియో సంగతి మాత్రం వేరు. కాపీరైట్ వాళ్ళకు రాసిచ్చారు కాబట్టి ఆ మాటలు పాడి మళ్ళీ పెట్టాలంటే అనుమతి కావాలి. మూడు నెలల్లోపు మూడు స్ట్రైకులు (యూట్యూబ్ వేసే కాపీరైట్ హెచ్చరికలు) పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది. అందుకని ప్రస్తుతానికి మళ్ళీ పెట్టకండి. అదే బాణీకి వేరే మాటలు కట్టి, వాళ్ళ ట్రాక్ వాడకుండా పాడితే అభ్యంతరం ఉండదు.

పాట రాసుకున్న నోటుపుస్తకం, వాళ్ళకు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు, డబ్బు ముట్టిన ఆధారం జాగ్రత్త చేయండి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి. వాయిస్ మెసేజ్‌ను కోర్టులో పెట్టాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదని భయపడకండి, అది తప్పనిసరి కాదు. రచయితల రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు చేయండి. ఆ తర్వాత పేరు వేయమని, లెక్క చూపమని నిర్మాతకూ ఆడియో కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించండి.

దావా దాకా వెళ్ళాల్సివస్తే హైదరాబాదు పరుగెత్తనక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే జిల్లా పరిధిలోనే వేయవచ్చు. విలువ 3 లక్షలు, ఆపైన అయితే వాణిజ్య కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పదు. ఉల్లంఘనకు గడువు మూడేళ్ళు, కాబట్టి ఆలస్యం చేయకండి. లాయరు ఫీజు గురించి దిగులుపడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు ఆ స్టాంపు కాగితం నకలు మర్చిపోకండి. మీ దగ్గర లేకపోతే నోటీసులోనే అడగండి.